బావిలో వేసిన యుద్ధవాయువు

హెల్త్ ఇన్‌స్పెక్టరు పని ముక్కుతో చేసే పని. ఈ మాట కొత్తగా చేరిన మీకు శిక్షణలో ఎవరూ చెప్పి ఉండరు. బ్లీచింగు పొడి డబ్బా మూత తీయగానే కళ్ళు మండి, ముక్కు పగిలేట్టు ఘాటు కొడితే పొడి బాగున్నట్టు. ఉత్త సున్నం వాసన వస్తే దాని సత్తువ పోయినట్టు. గోడకు పూయడానికి తప్ప పనికిరాదు. మూత తీసేటప్పుడు గాలికి వీపు పెట్టి నిలబడండి. ఇది నేను ఒకసారి తప్పుగా నిలబడి నేర్చుకున్నాను.

ముప్పై ఏళ్ళకు పైగా ఈ పని చేశాను. ప్రమోషను ఎప్పుడు వచ్చింది, ఎవరు ఆపారు అన్న సంగతులు రాయను. అవి నాకు తప్ప ఎవరికీ అక్కరలేదు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. ఆళ్లగడ్డ ప్రాంతంలో పనిచేసేవాళ్ళకైనా, మరెక్కడ పనిచేసేవాళ్ళకైనా అది పనికొస్తుంది.

గ్రంథాలయంలో దొరికిన యుద్ధం

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులవి. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా పల్లెలు నా కింద ఉండేవి. సైకిలు మీద తిరిగేవాణ్ణి. నా చదువు ఎస్సెస్సెల్సీతో ఆగింది. ఆ లోటు నాలో ముల్లులా ఉండేది. అందుకని తీరిక దొరికినప్పుడల్లా నంద్యాల గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. పక్కన నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు చదివేవాణ్ణి. మొదట్లో పేజీకి గంట పట్టేది, తర్వాత అరగంట.

అక్కడ ఎవరో మిలిటరీ పెన్షనరు ఇచ్చిపోయిన లావుపాటి పుస్తకం ఒకటి ఉండేది. మొదటి జర్మనీ యుద్ధం చరిత్ర. అందులో విషవాయువుల మీద ఒక అధ్యాయం. బెల్జియంలో ఒక ఊరి దగ్గర జర్మన్లు వేల సిలిండర్లు పాతిపెట్టి, గాలి తమ వైపు నుంచి అవతలికి వీచేదాకా కాచుకుని, మూతలు విప్పారట. పసుపుపచ్చని పొగ నేలబారున పాకుతూ పోయి, కందకాల్లో ఉన్నవాళ్ళను ఊపిరాడకుండా చేసింది. ఆ వాయువు పేరు క్లోరిన్. నేను ఆ పేరు దగ్గర ఆగిపోయాను. నా సైకిలు వెనక కట్టుకుని తిరిగే డబ్బాలో ఉన్నదీ అదే!

మిగిలిన అధ్యాయం నవ్వాలో ఏడవాలో తెలియనట్టు ఉంది. ఊపిరాడనివ్వని వాయువులు నింపిన గుండ్లు పేల్చకూడదని పెద్ద దేశాలు యుద్ధానికి ముందే హేగ్ నగరంలో ఒప్పుకున్నాయి. జర్మన్లు ఏమన్నారంటే, మేం గుండ్లు పేల్చలేదు, మూత తీశాం, గాలి తీసుకుపోయింది, అన్నారు. గాలి నుంచి ఎరువు తయారుచేసే ఉపాయం కనిపెట్టిన పండితుడే దగ్గరుండి ఆ మూతలు తీయించాడు. యుద్ధం అయ్యాక జెనీవాలో మళ్ళీ ఒప్పందం రాసుకున్నారు: వాయువును ప్రయోగించకూడదు. తయారుచేసి దాచుకోవచ్చా అన్న ప్రశ్న జోలికి ఎవరూ పోలేదు. ఇక కళ్ళు మండించే బాష్పవాయువు సంగతి ఇంకా చిత్రం. పరాయి సైన్యం మీద వేస్తే అది ఒప్పందానికి విరుద్ధం. సొంత ఊళ్ళో సొంత జనం మీద వేస్తే అది శాంతిభద్రతలు.

ఇంత తెలిశాక నోరు మూసుకుని ఉండటం నా వల్ల కాలేదు.

చావడిలో లెక్చరు

ఆళ్లగడ్డ నుంచి దొర్నిపాడు పోయే దారికి పక్కగా ఒక పల్లె. పేరు రాయను. ఊరి మధ్య చేదబావి ఒకటి, నీళ్ళు కొంచెం ఉప్పన. కాలవ దాటితే క్రైస్తవుల గేరి, అంటే వాళ్ళ పేట. వాళ్ళకు వేరే బావి, నీళ్ళు కొబ్బరినీళ్ళంత తియ్యన. ఊరివాళ్ళు గేరి బావిని ముట్టరు. గేరివాళ్ళను ఊరి బావి దగ్గరికి రానివ్వరు. రెండు బావులకూ నా డబ్బా ఒకటే.

ఆ వేసవిలో వాగుకు ఎగువన ఉన్న ఊళ్ళో కలరా తగిలింది. చుట్టుపక్కల బావులన్నిటికీ వెంటనే మందు వేయమని ఉత్తర్వు వచ్చింది. నేనూ, మా శానిటరీ మేస్త్రీ హుసేనప్పా ఆ పల్లెకు పోయాం. మామూలుగా ఇది అరగంట పని. హుసేనప్ప పొడిని బకెట్లో కలిపి, సున్నం అడుక్కు దిగాక పైన తేరిన నీళ్ళను ఇంకో బకెట్లోకి వంచి, తాడుతో బావిలోకి దించి అటూ ఇటూ తిప్పుతాడు. నేను గట్టు మీద నిలబడతాను.

ఆ రోజు డబ్బా కొత్తది. మూత తీయగానే ఘాటుకు నలుగురూ దగ్గారు. గ్రామ మునసబు రెడ్డి తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"ఏందప్పా ఇది, ఇంత ఘాటుగా ఉండాది?"

"బావిమందు రెడ్డీ, ఏమీ గాదు. అన్ని ఊర్లల్లో యేస్తాండాం," అన్నాడు హుసేనప్ప. అంతటితో అయిపోవలసింది.

"అట్లా చెబితే ఎట్లా హుసేనప్పా? అడిగినవాళ్ళకు తెలియజెప్పాలి," అని నేను అందుకున్నాను. అందరినీ చావడికి రమ్మన్నాను.

గంటకు పైగా మాట్లాడాను. సిలిండర్లు, గాలివాటం, పసుపు పొగ, హేగు, జెనీవా, ఏదీ వదల్లేదు. జనం కదలకుండా విన్నారు. నా జన్మలో అంత మంచి సభ మళ్ళీ దొరకలేదు. అంత బలమైన వాయువే ఇప్పుడు మన సేవకు వచ్చి క్రిములను చంపుతోందని ముగించాలని నా ఆలోచన. ముగింపు దాకా పోనివ్వలేదు.

మిలిటరీ పుల్లన్న లేచాడు. రెండో యుద్ధంలో పటాలంలో వంట చేసి వచ్చినవాడు.

"నిజమేరా! ఈ సారు చెప్పేది అచ్చరాలా నిజం. మాకూ ఇచ్చిరి, మూతికి తగిలించుకునే బుర్ర. ఉండండి, తెస్తా."

నిజంగానే తెచ్చాడు. రెండు గాజు కళ్ళు, ముందుకు వేలాడే గొట్టంతో గ్యాసు ముసుగు. దాన్ని ఇన్నేళ్ళుగా గొడ్ల కొట్టం ముందు దిష్టికి కట్టాడట. దాని సంచీలో శనక్కాయలు పోసుకునేవాడు. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పుస్తకంలో బొమ్మగా చూసింది కళ్ళ ముందుకు వచ్చింది. పుల్లన్న చేత తొడిగించి, చుట్టూ తిప్పి చూపించాను.

"మరి ఈ బుర్ర లేనోళ్ళు ఏం జేసిరి?" అని రెడ్డి అడిగాడు.

"మొదట్లో మూత్రంలో తడిపిన గుడ్డ ముక్కుకు కట్టుకుని బతికారు," అన్నాను.

చావడి అంతా నవ్వింది. నవ్వనిది ఒక్కతే, వాకిట్లో కూర్చున్న నాగమ్మ. రెడ్డికి తల్లి.

"నాయనా, పీల్చేటోడు గుడ్డ కట్టుకుని బతికె. మరి తాగేటోడు ఏం కట్టుకోవల్ల?"

నాకు జవాబు తెలుసు. విషమా, మందా అన్నది మోతాదును బట్టి ఉంటుంది. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే పోయేది. కానీ రుజువు చేసి చూపిస్తానని పెట్టె తెరిచాను. బావి నీటికి ఎంత పొడి కావాలో తేల్చే పరీక్ష అది: ఆరు తెల్ల కప్పుల్లో బావి నీళ్ళు పోసి, కప్పు కప్పుకూ మందు పెంచి, చివర రెండు చుక్కల ద్రవం వేస్తే మందు చాలిన కప్పు నీలంగా మారుతుంది. నాలుగో కప్పు నీలమైంది. ఐదు, ఆరు ఇంకా ముదురు నీలం. ఈ మందు పడితే బావిలో క్రిమి అన్నది మిగలదంటూ గర్వంగా పైకెత్తి చూపించాను.

"విషం రంగు నీలమేనని మాకు తెల్సులేప్పా," అన్నాడు రెడ్డి లేస్తూ. "శివుని గొంతు జూల్లేదా మేము?"

ముక్కులకు తువ్వాళ్ళు

మర్నాడు పొద్దున పోయేసరికి బావి చుట్టూ ముప్పై నలభై మంది. అందరి ముక్కులకూ తడి తువ్వాళ్ళు. దగ్గరికి పోగానే తెలిసింది, గోమూత్రం.

"మనుషులది సాలంటివి గదా," అన్నాడు రెడ్డి తువ్వాలు లోపలి నుంచి. "ఆవుదైతే ఇంగా మేలని మేమే ఆలోచన చేసుకుంటిమి."

వాళ్ళ ముందు పుల్లన్న ముసుగు తొడుక్కుని, చేతిలో కర్రతో కాపలా. ఏదో గట్టిగా అరుస్తున్నాడు, గొట్టంలోంచి గుయ్యిమన్న శబ్దం తప్ప మాట బయటికి రాలేదు. చివరికి ముసుగు ఎత్తి, "వెనక్కి పో అంటాండా!" అని మళ్ళీ దించుకున్నాడు.

ఆ తడి తువ్వాళ్ళ మీద ఈగలు ముసిరాయి. కలరాను ఈగలు మోస్తాయని చెప్పాల్సినవాణ్ణి, చూస్తూ నిలబడ్డాను.

"పోండప్పా. మాకు మా క్రిముల్తోనే బాగుండాది," అన్నాడు రెడ్డి.

కాలవ దాటి గేరికి పోయాం. అక్కడ మిషన్ బడి మాస్టరు ఏసోబు తాడు, బకెట్టు పట్టుకుని మాకోసమే నిలబడి ఉన్నాడు.

"సార్, మీ లెక్చరు నిన్ననే కాలవ దాటె. మా జనానికి మళ్ళా చెప్పొద్దు. మందు ఎయ్యండి, సాలు."

"మీకు భయం లేదా?"

"యుద్ధంలో బండ్లకు బండ్లు వదిలినారు. మీరు చారెడు యేస్తారు. నంద్యాల ఆస్పత్రిలో మా చిన్నమ్మ ఆయా. దినమ్మూ దీంతోనే నేల కడగతాది. ఇంగా ఉండాది గట్టిగా, నన్ను తిడ్తానే."

మూడు నెలలు నిఘంటువుతో కుస్తీ పట్టిన నాకు తట్టని మాట అది.

గేరి బావికి మందు వేసి, ఆళ్లగడ్డ పోలీసు ఠాణాకు పోయాను. సబ్ ఇన్‌స్పెక్టరు ఉడుకు నెత్తురు మనిషి. విన్నంతనే కుర్చీ ముందుకు జరిపాడు.

"కర్నూలు నుంచి బాష్పవాయువు తెప్పిద్దాం. రెండు గుండ్లు యేస్తే అందరూ పరారు. ఆ సందులో నువ్వు పోయి మందు యేసుకో. ఎట్లుండాది?"

ఒక వాయువును బావిలోకి పంపడానికి ఇంకో వాయువును ఊరి మీదికి పంపాలి! పుస్తకంలో కూడా ఇలాంటిది లేదు.

"లాభం లేదు సార్. వాళ్ళు ముక్కులకు తడిగుడ్డలు కట్టుకునే ఉన్నారు," అన్నాను.

"వాళ్ళకెవరు నేర్పిరి అది?"

హుసేనప్ప నా వైపు చెయ్యి చూపించి, "మా సారే," అన్నాడు.

జిల్లా హెల్త్ ఆఫీసరు గోదావరి వైపు ఆయన, మెత్తని మనిషి. సంగతి తెలిసి కేకలు వేయలేదు. "బావిలో మందు వేసి రమ్మన్నానయ్యా. చరిత్ర వేసి రమ్మనలేదు," అన్నాడు. ఇన్నేళ్ళలో పైవాళ్ళు అన్న మాటల్లో నాకు గుర్తున్నది ఇదొక్కటే.

ముగ్గురు

బావిలో మందు పడిందేమోనన్న ఊరివాళ్ళ భయం పోగొట్టాలని పుల్లన్న అందరి ముందూ ఊరి బావి నీళ్ళు చెంబెడు తాగి, "సూడండి, మందు పడని నీళ్ళు!" అని చెంబు బోర్లించాడట. మర్నాటికి వాంతులు, భేదులు. ఎద్దులబండిలో ఆళ్లగడ్డ ఆస్పత్రికి తెచ్చారు. సెలైను ఎక్కించి బతికించారు.

ఊళ్ళో ముగ్గురు బతకలేదు. ఆ ముగ్గురినీ నేను చావడిలో చూశాను. ఒకాయన ముందు వరుసలో కూర్చుని, జర్మన్లు మూత తీశారని చెప్పినప్పుడు అయ్యో అన్నాడు. నేను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. అన్నీ నిజాలే చెప్పి ముగ్గురిని పోగొట్టాను. దీన్ని ఎవరైనా మరో విధంగా చెప్పి నన్ను ఓదార్చబోతే నేను వినను.

ఊరు మాత్రం ఇంకోలా లెక్క వేసుకుంది. "డబ్బా మూత తీసి వాసన సూపిచ్చిన దానికే ముగ్గురు పోయిరి. బావిలో యేసింటే ఊరే మిగులునా?" అన్నాడు రెడ్డి. ఎట్టకేలకు ఆస్పత్రి డాక్టరు వచ్చి నిలబడితే బావి తోడనిచ్చారు. తోడించాం, మందు వేశాం, మళ్ళీ తోడించాం. అయినా మూడు చావుల బావి అని ఎవరూ చేద వేయలేదు. వాగు నీళ్ళు తెచ్చుకుంటామన్నారు. వాగుకు ఎగువనే కలరా ఉంది. ఇంక నాలుగు రోజులు పోతే ఎంతమంది పోతారో!

కాలవ అవతల, గేరిలో, ఒక్కరికీ ఏమీ కాలేదు.

నాగమ్మ కడవ

ఆ మర్నాడు పొద్దున్నే గేరి బావి దగ్గర నేనూ, హుసేనప్పా, ఏసోబూ మందు తిప్పి, నీళ్ళు తేరేదాకా కూర్చుని ఉన్నాం. నాగమ్మ ఒక్కతే కాలవ దాటి వచ్చింది. చంకలో ఇత్తడి కడవ. గేరి ఆడవాళ్ళు పక్కకు జరిగారు. ఆమె గట్టుకు నాలుగడుగుల దూరంలో నిలబడింది.

"నాయనా ఇనస్పెట్రూ. ఈ మందు బావిలో పడితే ఏమీ మిగలదంటివి గదా ఆపొద్దు?"

"అన్నానవ్వా. క్రిమి అన్నది మిగలదు."

"యుద్ధంలో సిపాయిలే మిగల్లేదంటివి."

"అన్నాను."

"అంత మందు పడినంక ఇంగ మైల యాడుంటాది? అది గూడా సచ్చిపోయింటాది గదా?"

హుసేనప్ప నన్ను చూశాడు. ఏసోబు బావిలోకి చూస్తున్నాడు. నాకు నాలుక చివర దాకా వచ్చింది: క్లోరిన్ క్రిములను చంపుతుంది, మైలను కాదు, చంపడానికి ఆ నీళ్ళలో మైల ఎప్పుడూ లేదు, అది ఉన్నది మీ ఊళ్ళో. ఎంత చక్కగా చెప్పగలిగేవాణ్ణో! వాగు గుర్తొచ్చింది. ముందు వరుసలో అయ్యో అన్నాయన గుర్తొచ్చాడు.

"చచ్చిపోయి ఉంటుందవ్వా," అన్నాను.

"ఏసోబూ, తోడి పొయ్యి," అంది నాగమ్మ కడవ కింద పెట్టి.

ఏసోబు తోడాడు. బకెట్టు కడవకు తగలకుండా ఎత్తు నుంచి పోశాడు. ఆమె కడవ ఎత్తుకుని, మూతి దగ్గర వాసన చూసి, తల ఊపి వెళ్ళింది. మధ్యాహ్నానికి ఊరంతా కడవలతో కాలవ దాటింది. కలరా ఆ నలుగురు రోగులతో ఆగింది.

జనం పలచబడ్డాక ఏసోబు నా పక్కన కూర్చున్నాడు.

"మీకు చెప్పడానికి మాట ఉండె గదా సార్. నాకు తెలుస్తానే ఉండె."

"ఉండింది."

"నేనూ ఎదురుసూస్తి, అంటారేమోనని." ఖాళీ బకెట్టు బోర్లించాడు. "అనకపోతేనే మేలాయెలే. మందు సత్తువ నీళ్ళల్లో ఎన్ని దినాలుంటాది?"

"ఒక రోజు. మహా అయితే రెండు."

"అట్లైతే ఎల్లుండి తప్పకుండా రాండి సార్," అన్నాడు.

డబ్బా

కలరా పోయినా నేను రెండు రోజులకోసారి పోతూనే ఉన్నాను. నా దారి కాకపోయినా పోయాను. ఊరి ఆడవాళ్ళు కడవ నింపుకునే ముందు వాసన చూసేవాళ్ళు. ఘాటు లేకపోతే, "ఈపొద్దు మందు పడలేదక్కా," అని వెనక్కి పోయేవాళ్ళు. ఆ వాసనకే ముక్కులు కట్టుకున్నవాళ్ళు! నీళ్ళు తియ్యగా ఉండటం కూడా కారణమే అనుకోండి. ఉప్పు నీళ్ళలో పప్పు ఉడకదు.

వెలుగోడుకు బదిలీ అయినప్పుడు, నిబంధనలు ఒప్పుకోకపోయినా, ఒక డబ్బా ఏసోబుకు ఇచ్చి, ఎంత కలపాలో, గాలికి ఎట్లా నిలబడాలో చూపించి వచ్చాను.

మళ్ళీ ఆయనను చూసింది నాలుగైదేళ్ళకు, నంద్యాల గ్రంథాలయం మెట్ల మీద. బడికి పత్రికలు అడగడానికి వచ్చాడట. డబ్బా ఏమైందని అడిగాను.

"రెండు నెలలకే సత్తువ పాయె సార్. ఆళ్లగడ్డ ఆస్పత్రిలో అడిగి కొత్త పొడి తెచ్చి, రోగాల దినాలకు మూత బిగించి దాచిపెట్టినా. మామూలు దినాల్లో ఆ పాత డబ్బానే."

"అది ఉత్త సున్నం గదా! దానికి వాసన ఎక్కడిది?"

"వాసన సూసేది మానుకోని శానా దినాలాయె. పొద్దున నేను గట్టు మీద నిలబడి బకెట్టు తిప్పతాంటే, సూసిపోయి కడవలు తెస్తారు. మూడేండ్లుగా అంతే. నాగమ్మవ్వ ఇప్పుడు నన్ను పిలవదు, తనే తోడుకుంటాది."

నా మనసు అప్పుడే ఆరు తెల్ల కప్పుల దగ్గరికి పోయింది. ఆ నీళ్ళకు రెండు చుక్కలు వేస్తే ఏ కప్పూ నీలం కాదు. వాళ్ళు మూడేళ్ళుగా తాగుతున్నవి ఏ మందూ లేని, మైలా లేని, ఆ గేరి బావి నీళ్ళే. ఎంత గొప్ప రుజువు! నా ముఖంలో ఏం కనిపించిందో, ఏసోబు నా చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, ఈ సంగతి మాత్రం చావిట్లో చెప్పాకండి."